యలహంక నట్టు దిగ్విజయం

ఏ నగరాన సూర్యభగవానుడు తన రథం కట్టకముందే ఆటోరథికులు హారన్ శంఖాలు పూరింతురో, ఏ నగరాన గడియసేపు వాన కురిస్తే రాజమార్గాలు మహానదులై ఆ నదుల్లో స్కూటర్లు మొసళ్ళలా ఈదునో, ఏ నగరాన సిగ్నల్ దగ్గర నిలిచిన మానవుడు ఎరుపు పచ్చగా మారేలోగా అరిషడ్వర్గాలను జయించి, పచ్చ వెలిగిన మరుక్షణం క్రోధాన్ని మాత్రం తిరిగి తెచ్చుకొనునో, ఆ బెంగుళూరు మహాపట్టణానికి ఉత్తరాన, యుద్ధవిమానాల గర్జనకు కిటికీ అద్దాలు వణికే యలహంకలో, పాతవూరి ఇరుకు సందున, కింద బేకరీ పరిమళాలకూ పైన ట్యూషన్ పిల్లల ఎక్కాల ఘోషకూ నడుమ చిక్కుకున్న రెండు గదుల ఇంట, శరన్నవరాత్రుల పుణ్యకాలాన ఒక ఘోర సంగ్రామం సంభవించింది. దాన్ని దేవతలు చూడలేదు. ఆ వారమంతా వాళ్ళకు పందిళ్ళలో పని. కాబట్టి మనమే చూడాలి.

ఆ సంగ్రామానికి సర్వసేనాధిపతి సుమ. చింతామణి దాపున ఒక పల్లెబడిలో పదో తరగతి ముగించి, అక్కడి ఇంటరైన పీయూసీ చదువుకని మేనమామ మునిరాజు ఇంట చేరిన పిల్ల. మౌనదుర్గనివాసిని, అధోముఖవీక్షణధీర, చివరిబెంచీసామ్రాజ్యరక్షామణి అనే బిరుదులు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు గానీ, ఇవ్వడానికి అర్హతలన్నీ ఉన్నాయి. దిగవలసిన చోట కండక్టరుతో 'ఆపండి' అనే మూడక్షరాలు పలకలేక, ఎక్కిన బస్సులో దేవనహళ్ళి దాకా పోయి, కోట గోడను బస్సు కిటికీలోంచి దర్శించుకొని, అదే బస్సులో తిరిగివచ్చిన సాహసికురాలు ఆమె. ఇంట్లో అడిగితే 'ఊరికే చూసొచ్చినా' అన్నది.

అట్టి సుమ మీద విధి పగబట్టింది. విధి పేరు హేమంత్‌కుమార్, ఇంగ్లీషు అధ్యాపకుడు. సెలవులకు ముందురోజు ఆయన తెల్లబోర్డుకు వీపు ఆనించి, మార్కరు పెన్నును రాజదండంలా తిప్పుతూ ఇలా శాసించాడు: "దసరా తర్వాత ఒక్కొక్కరూ స్టేజి ఎక్కి 'మై హోమ్' గురించి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. లేదంటే ఇంట్లో ఉన్న వస్తువులతో అర నిమిషం స్టాప్ మోషన్ సినిమా చేసి, విజయదశమి మధ్యాహ్నం లోపల నాకు పంపాలి. సినిమా పంపినవాళ్ళు మాట్లాడనక్కర్లేదు."

మాట్లాడనక్కర్లేదు! తపస్సు చేసే మునికి ఆకాశవాణి వినిపించినట్టు ఆ చివరి మాట చివరి బెంచీకి వినిపించింది. ముందు బెంచీలో కూర్చునే భవ్య వెనక్కి తిరిగింది. చిక్కపేటలో తాతల నాటి బట్టల కొట్టున్న ఇంటి పిల్ల. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటినీ ఒకే వాక్యంలో తొక్కి నడవగలదు. "మ్యూట్ మేడమ్‌కు పండగే పో!" అన్నది. తొలిరోజు క్లాసులో నిలబడి తన పేరు చెప్పబోయి గొంతు రాక కూర్చుండిపోయిన సుమకు భవ్య పెట్టిన పేరది. క్లాసంతా నవ్వింది. సుమ కూడా నవ్వింది. శత్రువుతో కలిసి తన మీద తానే నవ్వుకోవడం పిరికివాళ్ళకు తెలిసిన ఏకైక యుద్ధవిద్య.

స్టాప్ మోషన్ అనగా ఏమి? కదలనిదాన్ని కదిలినట్టు చూపే మాయ. వస్తువును ఒకచోట పెట్టి ఫొటో తీయాలి. వెంట్రుకవాసి జరపాలి. మళ్ళీ తీయాలి. మళ్ళీ జరపాలి. నడుము విరిగేదాకా ఇలా చేసి ఆ ఫొటోలన్నీ వరసగా పరుగెత్తిస్తే, ఒక చెంచా మూరెడు దూరం నడుస్తుంది. మనిషి పొద్దంతా చాకిరీ చేస్తే చెంచా రెప్పపాటు కాలం నడవడం అనే ఈ బేరం న్యాయమా అన్యాయమా అని సుమ ఆలోచించలేదు. ఐదు నిమిషాలు మాట్లాడటం కన్నా ఐదు యుగాలు చెంచా జరపడం ఆమెకు సుఖం.

అయితే ఆమె చెంచాలను ఎన్నుకోలేదు. మునిరాజు పీణ్యలో ఇనుము చెక్కే ఒక లేతు మిషన్ల షాపులో పనివాడు. సెలవు రోజుల్లో చేసే చిల్లర రిపేరీల కోసం ఇంట్లో ఒక సంచి ఉంటుంది. ఆ సంచిని కుమ్మరించగా బయటపడిన సేనావాహిని ఇట్టిది: ద్విముఖభీకరులైన స్పానర్లు, దంష్ట్రాకరాళమైన కటింగ్ ప్లేయర్, ఏకాంగవీరులైన స్క్రూడ్రైవర్లు, పళ్ళూడిన హ్యాక్సా బ్లేడు, వృద్ధసుత్తి, చుట్ట చుట్టుకున్న కొలతల టేపు, ఒక పొడవాటి బోల్టు, వీళ్ళందరిలో అల్పుడు, అనాథ, చిటికెనవేలి గోరంత నట్టు.

ఆ నట్టే కథానాయకుడు. పీట ఆ చివరన ఉన్న బోల్టు దాని సొంత మనిషి. ఈ చివర నుంచి బయలుదేరి, దారిలో అడ్డుపడే స్పానర్లను తప్పించుకొని, ప్లేయర్ కోరల కిందుగా దూరి, నట్టు బోల్టును చేరాలి. అంతే కథ. ఇందులో ఒక్క సంభాషణ లేదు. సుమకు అది గొప్ప సాహిత్యమనిపించింది.

హాలులో కిటికీ కింద పీట వేసింది. రాగిపిండి డబ్బాకూ ఊరగాయ జాడీకీ నడుమ ఫోను ఇరికించి టేపు అంటించింది. అంతట ఆ భీరువు చక్రవర్తి అయింది. పదిమంది ముందు గొంతు పెగలని ఆ పిల్ల స్పానర్లను వేలికొసతో శాసించింది. అంగుళం ఎక్కువ జరిగిన స్క్రూడ్రైవర్‌ను కళ్ళెర్రజేసి వెనక్కి నెట్టింది. నీడ పడుతున్నదని సుత్తిని దేశబహిష్కారం చేసి మంచం కిందికి పంపింది. మాట్లాడలేనివాళ్ళ చేతికి అధికారం వస్తే ఎంత కర్కశంగా ఉంటారో ఆ సుత్తినడగాలి. విమానం పోయినప్పుడల్లా ఫోను వణికి ఫొటో పాడయ్యేది. అప్పుడామె ఆకాశం వైపు చూసిన చూపు ఆ పైలటుకు తగలకపోవడం దేశం చేసుకున్న అదృష్టం.

అష్టమి సాయంకాలానికి నట్టు పీట నడిమికి చేరింది. వెలుగు తగ్గింది. 'కదిలిస్తే లెక్క తప్పుతుంది, ఎక్కడివి అక్కడే ఉండనీ' అనుకొని, సేననంతటినీ రణరంగంలోనే విశ్రమింపజేసి ఆమె నిద్రపోయింది.

అదే ఆమె చేసిన తప్పు.

ఏలయన, మరునాడు మహర్నవమి. ఆయుధ పూజ. ఆ ఇంటికి అధిష్ఠానదేవత మునిరాజు తల్లి, సుమకు అవ్వ, అంజినమ్మ. సుమ అత్త పండక్కి పుట్టింటికి పోయినందున ఆ ఏడు పూజాభారమంతా అవ్వదే. ఆమె తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, కొడుకు సంచి వెతకబోయి, పీట మీద ఆయుధాలన్నీ ముందే పేర్చి ఉండటం చూసి, పైటకొంగుతో కళ్ళొత్తుకొని, కుంకుమ భరిణె తెరిచింది.

సుమ లేచి వచ్చేసరికి రణరంగం కల్యాణమండపమై ఉన్నది. ప్రతి స్పానర్‌కూ నొసట చందనం, దాని మీద కుంకుమ. ప్లేయర్ కోరల్లో సేవంతి పువ్వు. టేపుకు పూలదండ. మంచం కింద తలదాచుకున్న సుత్తి కూడా క్షమాభిక్ష పొంది, తిలకధారియై స్వస్థానం అలంకరించింది. నట్టుకు పెట్టిన బొట్టు నట్టు కన్నా పెద్దది. అంతేనా! ఫోను వెనక రెండు లెన్సులను కళ్ళుగా భావించి, ఆ రెండింటి నడుమ నొసలు ఇక్కడే ఉండాలని నిర్ణయించి, అక్కడా ఒక బొట్టు.

"అవ్వా... ఇదేంది?"

"పూజే! నువ్వు రాత్రే అన్నీ పీట మీద పేర్చి పెట్టినావే, చూసి నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మీ మామకు ఇన్నేండ్లొచ్చినా ఒక దినమన్నా తోచిందా? మీయమ్మకు ఫోన్ చేసి చెప్పినా. నీ బిడ్డకు ఎంత బుద్ధి ఉండాది చూడమ్మా అని. పక్కింటోళ్ళకూ చెప్పినా. ఒక్కటి గూడా కదిలించలేదు సూడు, నువ్వు పెట్టింది పెట్టినట్లే ఉండాది."

"ఫోను గూడానా?"

"పొద్దస్తమానం దాన్నే గదా పట్టుకోనుంటావు. అదే గదా నీ ఆయుధం?"

సుమ వేలు నట్టు వైపు చాచింది. బొట్టు అంటీఅంటకముందే అవ్వ కేక పైనున్న ట్యూషన్ దాకా పోయింది. "ఏమే! బొట్టు తుడిచేదా? ఎవురు నేర్పినారే నీకు? పండగ పూట ముత్తైదువకు బొట్టు తుడుస్తావా?"

"అది నట్టవ్వా..."

"నట్టయితే? దానికీ మనిషుండాడు గదా అక్కడ!" అని అవ్వ బోల్టును చూపించింది. సినిమా కథ అవ్వకు ఎవరూ చెప్పలేదు. "రేపు తెల్లారి హారతిచ్చి ఎత్తేదాకా ఏదీ ముట్టుకోరాదు. ఈ పొద్దు వాటికి రజా. ఏడాదంతా చాకిరీ చేసేటివి, ఒక దినమన్నా రజా ఇయ్యకుంటే ఎట్ల?"

రజా అంటే సెలవని ఆ గాలి పీల్చినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సోఫాలో పడుకొని ఫోను చూసుకుంటున్న మునిరాజు తల ఎత్తకుండానే చివరి బాణం వేశాడు. "రేపు హారతి అయిన తక్షణం సంచి నాకు కావల్ల. హెబ్బాళంలో మోటారు పని ఒప్పుకున్నా."

ఇట్లు ఉచ్చు బిగిసింది. సేన ఇంట్లో ఉన్న రోజున ముట్టరాదు. ముట్టగల రోజున సేన ఇంట్లో ఉండదు. బొట్టు తుడవరాదు, తుడవకపోతే నిన్నటిదాకా బోడినొసటితో నడిచిన నట్టు ఉన్నట్టుండి పెళ్ళికూతురై నిలుస్తుంది. సినిమా ఆగితే స్టేజి. స్టేజి మీద ఐదు నిమిషాలు. ఎదురుగా భవ్య.

అప్పుడు ఆ వీరనారి మనసులో ఉప్పొంగిన ప్రసంగం ఇట్టిది: "ఓ వృద్ధమాతా! కుంకుమభరణిధారిణీ! నీవు తిలకము దిద్దినది లోహఖండమునకా? కాదు, నా కంఠపాశమునకు! ఇది పూజాపీఠమని భ్రమసితివి, ఇది రంగస్థలము. భక్తియని మురిసితివి, ఇది భయము. నా భయమునకు నీవు పూలదండ వేసి, ఊరంతట చాటితివి. ఇప్పుడు నేను నిజము పలికిన నీ కన్నీరు అబద్ధమగును; పలుకకున్న నా బ్రతుకు బండలగును. ఈ ధర్మసంకటమును తీర్చునదెవరు? హేమంత్‌కుమారునకు బదులు చెప్పునదెవరు? చెప్పుము, తల్లీ, చెప్పుము!"

"అవ్వా..." అన్నది సుమ.

"ఏమే?"

"ఏం లేదు."

ఆపై గోడకు ఆనుకొని కూర్చున్నది. కూర్చుంటే ఆమె దృష్టి మామ మీద పడింది. మామ చేతిలో ఫోను. ఆ ఫోను వెనక, సరిగ్గా రెండు లెన్సుల నడుమ, ఎర్రని బొట్టు.

"మామ ఫోను?" అన్నది. రెండే మాటలు. కానీ మర్మస్థానాన తగిలాయి.

అవ్వ గిర్రున తిరిగింది. "ఏమప్పా! నీదానికి రజా లేదా?"

మునిరాజు లేచి కూర్చున్నాడు. "ఫోను ఆయుధమేందమ్మా? అది ఒంట్లో భాగం. చేతికి రజా ఇస్తారా ఎవురన్నా?"

"ఆరేడు నెలలుగా ఆ బాత్రూము కొళాయి కారతాండాది, దానికి ఈ చెయ్యి పోలేదే!"

"పండగ పూట అవన్నీ ఎందుకమ్మా..."

అవ్వ ధర్మాసనం మీద క్షణం ఆలోచించి తీర్పు చెప్పింది. "వీనిది ఒంట్లో భాగమైతే పిల్లది గూడా ఒంట్లో భాగమే. తీసుకోవే నీ ఫోను. బొట్టు మాత్రం చెరపద్దు." తీర్పుతో పాటు ఒక పళ్ళెం నిండా బొరుగులు, అనగా మరమరాలు, వేయించిన పప్పులూ ఆమె ముందు పెట్టింది. ఆయుధ పూజ నాడు బెంగుళూరులో బొరుగులు పంచని గడప లేదు.

సుమ తినలేదు. పళ్ళెంలోంచి ఒక బొరుగు జారి, దొర్లి, పీట మీద నట్టు పక్కన ఆగింది. తెల్లగా, తేలికగా, బొట్టు లేకుండా. సుమ దాన్ని చూసింది. అవ్వను చూసింది. మళ్ళీ దాన్ని చూసింది. స్పానర్ ఆయుధం. నట్టు ఆయుధం. బొరుగు?

బొరుగుకు సెలవు లేదు!

అంతట నవమి అపరాహ్ణాన రెండో యుద్ధం మొదలైంది. నట్టు కదలదు కనుక లోకమే కదలాలి. పళ్ళెపు కోటలోంచి శ్వేతాంబరధారులైన బొరుగు భటులు ఒక్కొక్కరే బయటకు వచ్చి, పుష్పాలంకృతులై నిద్రిస్తున్న స్పానర్ల పాదాల పక్కగా, ప్లేయర్ సేవంతి నీడన, నట్టు దగ్గర మొదలై బోల్టు వైపు బారులు తీరాలి. ఒక బొరుగు, ఒక ఫొటో. ఇంకొక బొరుగు, ఇంకొక ఫొటో. కానీ బొరుగు సైన్యానికి వాయుదేవుడు జన్మవైరి. ఫ్యాను ఒక్క చుట్టు తిరగగానే అక్షౌహిణి మొత్తం సోఫా కిందికి పలాయనం చిత్తగించింది. సుమ లేచి, ఎవరినీ అడక్కుండా, ఆ ఇంట మొట్టమొదటిసారి ఒక స్విచ్చి కట్టేసింది.

"ఏమే, ఉడికిపోతాండా!" అన్నాడు మునిరాజు.

ఆమె వేలు పెదవుల మీద పెట్టింది. తనను ఊరుకొమ్మని చెప్పేవాళ్ళనే ఇంతకాలం చూసిన పిల్ల, ఒక మగమనిషిని ఊరుకొమ్మనడం! మునిరాజు ఎందుకో ఊరుకున్నాడు. చెమటలు కక్కుతూ, అలవాటు చొప్పున పక్కకు చెయ్యి చాచి, దొరికింది గుప్పిట పట్టి, నోట్లో వేసుకొని కరకరలాడించాడు. బోల్టు గడప దాకా చేరిన వీరభటులు, వాళ్ళ ముందు నడుస్తున్న సేనాపతితో సహా, ఆ గుహలో అంతర్ధానమయ్యారు.

"మామా!"

ఆ అరుపు విని అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సుమ గొంతు అంత పెద్దదని ఆ ఇంట ఎవరికీ తెలియదు. సుమకూ తెలియదు. మునిరాజు నమలడం ఆపి, బుగ్గలు ఉబ్బించుకొని, దొంగపిల్లిలా చూశాడు. మింగాలో కక్కాలో తేల్చుకోలేని అవస్థలో ఆయన చివరికి మింగాడు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా, పొద్దు వాలేదాకా కిటికీ దగ్గర నిలబడి, ఎండ సరిగా పడేట్టు కర్టెన్ పట్టుకున్నాడు. కొత్త సేన బయలుదేరింది. చిట్టచివరి బొరుగు బోల్టు తల మీదికెక్కి కూర్చున్నది.

లెక్క చూస్తే సినిమా ఇంకా అర నిమిషం కాలేదు. చివరి ఫొటోనే సాగదీసి కాలం నింపింది. కదలనివాళ్ళు కదలకుండా ఉండటమే ఆ ఘట్టంలో నటన. దశమి ఉదయం అవ్వ హారతిచ్చి సంచి ఎత్తుతుండగా సుమ సినిమా పంపింది. గురువుగారి ఫోన్లో రెండు టిక్కులు పడ్డాయి. విముక్తి లభించిందనుకొన్నది.

కానీ కళాశాలలు తెరుచుకోక మానవు. చీకటి చేసిన తరగతిలో, గురువుగారి లాప్‌టాప్‌కు తగిలించిన ప్రొజెక్టర్ వెలుగున, మొదట భవ్య చిత్రం ప్రదర్శితమైంది. విదేశీ చాక్లెట్లు కాఫీ కప్పుల మీదుగా నృత్యం చేశాయి. వెనక సంగీతం. చివరన పేర్లు. ఆ పేర్లలో భవ్య మేనమామ గారి స్టూడియో కూడా ఉంది. పని చేసిన చేతులెవరివో అక్కడ స్పష్టంగానే రాసి ఉన్నది. చప్పట్లు మోగాయి. హేమంత్‌కుమార్ "ప్రొఫెషనల్!" అన్నాడు. అదీ నిజమే.

తర్వాత నట్టు వచ్చింది. నడిచింది. స్పానర్‌ను తప్పుకున్నది. ప్లేయర్ కిందుగా దూరింది. ఎవరో నవ్వారు, బాగుందన్నట్టే. పీట నడిమిలో అంతా ఆగిపోయింది. రెప్పపాటులో అందరికీ బొట్లు, పూలు, దండలు. బొరుగులు వచ్చాయి, బారులు తీరాయి, బోల్టెక్కాయి. నట్టు కదల్లేదు. కదల్లేదు. ఇంకా కదల్లేదు. అయిపోయింది.

"ఇదేంటి?" అన్నాడు హేమంత్‌కుమార్ దీపాలు వేయించి. "హీరో మధ్యలో ఎందుకు ఆగిపోయాడు? ఈ కుంకుమ ఎక్కడి నుంచి వచ్చింది? కంటిన్యుటీ ఏది? ఎవరిది ఇది? లేచి చెప్పు. ఇంగ్లీషులో."

మాట్లాడనక్కర్లేదని వరమిచ్చిన దేవుడే వరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు! దేవుళ్ళకూ అధ్యాపకులకూ ఇది మామూలే. చివరి బెంచీ నుంచి సుమ లేచి నిలబడింది. లేచిందో, మోకాళ్ళు వాటంతట అవే నిలిచాయో చెప్పలేం. క్లాసంతా వెనక్కి తిరిగింది. భవ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, కచేరీకి వచ్చిన రసికురాలిలా చూస్తున్నది. సుమ లోపల మహాప్రసంగం లేవనే లేచింది: "ఓ అధ్యాపకోత్తమా! ఇచ్చిన మాట తప్పుట..."

ఆ ప్రసంగం అక్కడే ఉండగా, దాన్ని తోసుకొని ఇంకేదో బయటకు వచ్చేసింది.

"దే ఆర్ ఆన్ లీవ్, సార్."

'సార్' కలుపుకుంటే ఐదు మాటలు. వాటిని పలికింది తానేనని తెలియడానికి ఆమెకే క్షణం పట్టింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మరుక్షణం అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆ గదిలో ఎవరింట బండి నిమ్మకాయలు తొక్కలేదు? ఎవరింట మిక్సీకి దండ పడలేదు? ఎవరింట అవ్వ ముట్టుకోవద్దని అరవలేదు? నవ్వు ముందు బెంచీలో పుట్టి వెనక గోడకు తగిలి తిరిగొచ్చింది. ఇంతకుముందు నవ్వు సుమ మీదికి వచ్చేది; ఇది ఆమె పక్కన వచ్చి కూర్చున్నది.

హేమంత్‌కుమార్ మాత్రం గంభీరంగా, "బట్ లాజికల్‌గా చూస్తే..." అని మొదలుపెట్టబోయాడు. భవ్య చెయ్యెత్తింది.

"సార్, మీ లాప్‌టాప్‌కు గూడా లీవ్ అయిపోయిందా సార్?"

అందరూ చూశారు. తెరిచి ఉన్న లాప్‌టాప్ మూత వెనక, పిల్లలకు ఎదురుగా, ఆయన ఇన్నిరోజులూ గర్వంగా చూపించుకున్న వెండి రంగు మూత మీద, రూపాయి బిళ్ళంత చందనం, దాని నడుమ కుంకుమ. ఆయనింట్లోనూ ఒక అవ్వ ఉంది కాబోలు. తుడవడానికి ఆయనకూ ధైర్యం చాలలేదు కాబోలు.

ఆయన మూత వైపు చూశాడు. చెయ్యి దాని మీదికి పోయింది. బొట్టును తాకకుండానే వెనక్కి వచ్చింది.

"సరే," అన్నాడు. "కూర్చో."

సుమ కూర్చున్నది.

"మ్యూట్ తీసేసిందప్పా!" అన్నది భవ్య, వెనక్కి తిరగకుండానే. పేరింకా పోలేదు. పోరాటాలన్నీ ఒక్కరోజులో ముగియవు.

సాయంకాలం ఇంటికి పోగానే అవ్వ కుక్కరు కడుగుతూ అడిగింది. "ఏమన్నారే మీ సారు?"

"కూర్చోమన్నారవ్వా."

"అంతేనా? కూర్చోమనేదానికి పండగ పూట ఇంట్లో ఫ్యాను లేకుండా చేసినావా!" అని అవ్వ కుక్కరు మూత బిగించింది. ఊగులాడే మూత పిడికి ఆనాటి ఉదయమే మునిరాజు సంచిలోంచి ఒక నట్టు తీసి వేశాడు. సుమ వంగి చూసింది. గోరంత నట్టు, నెత్తిన చెరిగీ చెరగని కుంకుమతో, ఒక బోల్టును పట్టుకొని కదలకుండా ఉన్నది. సినిమాలో చేరలేని చోటికి చేరింది. కాకపోతే దానికిప్పుడు సెలవు లేదు.

ఇట్లు యలహంక పాతవూరిలో, స్పానర్ల సాక్షిగా, సేనాపతిని మామ మింగినా సేన చెదరక, ఐదు మాటల అస్త్రంతో ఒక పిల్ల లోకం మీద సాధించిన మహావిజయం ఏమనగా: ఆమె బెంచీ మీద ఆమె కూర్చోగలిగింది. ఈ కథ చదివినవారికి బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుగాక. దొరక్కపోయినా, దిగాల్సిన చోటు వచ్చినప్పుడు 'ఆపండి' అనే మాట గొంతు దాటి బయటకు వచ్చుగాక.